ఇంటి పద్దు: కాళ్ళ కింద పరిచేది ఏమిటో!

బ్యాంకు లాకరు నామినేషన్ గురించి రాసినప్పుడు, తరువాతి సంచికలో ఆదాయపు పన్ను సంగతులు చెబుతానని మాట ఇచ్చాను. ఆ బాకీని మరో మూడు నెలలు వాయిదా వేయమని కోరుతున్నాను. మా ఇంట్లోనే ఒక చిన్న సంఘటన జరిగింది. డబ్బు పోయిన సంఘటనే కనుక ఈ శీర్షికలో చోటు ఉంటుందనే ధైర్యంతో రాస్తున్నాను.

మా అమ్మాయి, అల్లుడు బెంగుళూరులో ఫ్లాటు కొనుక్కున్నారు. గృహప్రవేశానికి ముందు హాల్లోకి ఒక తివాచీ కొన్నారు. ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు. బూడిద రంగు మీద వెండి మెరుపు. చేత్తో నిమిరితే పట్టుచీరను నిమిరినట్టే ఉంది. ధర ఇరవై ఎనిమిది వేలు. "బాంబూ సిల్క్ నాన్నా! వెదురు నుంచి తీసిన పట్టట!" అని మా అమ్మాయి సంబరపడింది. వెదురుకు పట్టు ఎక్కడినుంచి వస్తుందని నాకు సందేహం కలిగింది కానీ, శుభమా అని గృహప్రవేశం చేసుకుంటుంటే ఆడిట్ అభ్యంతరాలు ఎందుకని ఊరుకున్నాను.

ఆ సాయంత్రం ఎవరో పిల్లవాడు దాని మీద మంచినీళ్ళ గ్లాసు ఒలకబోశాడు. నీళ్ళే కదా అని మా ఆవిడ గుడ్డ పెట్టి గట్టిగా తుడిచింది. మర్నాటికి అక్కడ పళ్ళెమంత పసుపుపచ్చ వలయం. ఆ మేరకు మెరుపు పోయి, నూలు తొక్కిన గడ్డిలా అణగిపోయింది. కొట్టుకు వెళ్ళి అడిగితే, "నీళ్ళు తగలకూడదని బిల్లు వెనక రాసే ఉంది సార్" అన్నారు. తిప్పి చూస్తే ఉంది, చీమ తలకాయంత అక్షరాలతో.

ఆనాడు వచ్చిన బంధువులందరూ భోజనాలకు కూర్చున్నది మాత్రం మేము ఊరి నుంచి మోసుకెళ్ళిన పాత జంబుఖానా మీద. ఈరోడ్డులో నేను పనిచేస్తున్న రోజుల్లో, 1997లో, మా అమ్మ భవాని వెళ్ళి కొన్నది. నా ఖర్చుల పుస్తకంలో ఆ పద్దు ఇప్పటికీ ఉంది: జంబుఖానా, రూ. 640. దాని మీద సాంబారు పడింది, పాయసం పడింది. మర్నాడు ఉతికి మేడమీద పిట్టగోడకు ఆరవేశాము, అంతే. ఇరవై ఎనిమిదేళ్ళకు లెక్క వేస్తే ఏడాదికి ఇరవై మూడు రూపాయలు కూడా పడలేదు. కొత్త తివాచీ పట్టుమని పది రోజులు ఆగలేదు.

పైన పటారం, లోన లొటారం అని ఊరకే అనలేదు పెద్దలు. అయితే తప్పు కొట్టువాడిదేనా? పంచదార కొనేటప్పుడు గింజ నలిపి చూస్తాము. బియ్యం కొనేటప్పుడు నోట్లో వేసుకుని చూస్తాము. ఇరవై ఎనిమిది వేలు పెట్టి తివాచీ కొనేటప్పుడు అది దేనితో చేశారో, ఎలా చేశారో అడగలేదు. ఆ రెండు ప్రశ్నల గురించే ఈసారి ముచ్చటిస్తాను.

తిరగేసి చూడండి

ముందు "ఎలా చేశారు" అన్నది చూద్దాం. స్థూలంగా నాలుగు రకాలు.

మొదటిది ముడి తివాచీ. మగ్గం మీద నిలువునా సాగదీసిన పడుగు దారాలకు ఒక్కొక్క ముడి చేత్తో వేస్తూ, వరస పూర్తయ్యాక పేక కొట్టి బిగించేది. కాశ్మీరు, భదోహి, జైపూరు, మన ఏలూరు తివాచీలు ఈ కోవలోవి. చదరపు అంగుళానికి వంద ముళ్ళున్న ఆరు తొమ్మిది తివాచీలో ఎన్ని ముళ్ళుంటాయి? 54 చదరపుటడుగులు, అంటే 7,776 చదరపుటంగుళాలు, అంటే 7,77,600 ముళ్ళు. ఒక మనిషి రోజుకు ఆరువేల ముళ్ళు వేస్తాడనుకుంటే నూట ముప్పై రోజుల పని. ధర ఎందుకు అంత అని అడిగే ముందు ఈ గుణకారం ఒకసారి చేసుకోవాలి.

రెండవది ముడులు లేని చదును నేత. జంబుఖానా, దుర్రీ అంటాము. పడుగు, పేక తప్ప మరేమీ ఉండదు. రెండు వైపులా వాడుకోవచ్చు, ఉతుక్కోవచ్చు.

మూడవది టఫ్టింగ్. గుడ్డ మీద బొమ్మ గీసి, తుపాకీలాంటి పరికరంతో నూలును ఆ గుడ్డలోకి పొడుచుకుంటూ పోతారు. ముడి ఉండదు కనుక నూలు ఊడిపోకుండా వెనక రబ్బరు జిగురు పూసి, దాన్ని మరో గుడ్డతో మూస్తారు. నెలల పని కొద్ది రోజుల్లో తేలిపోతుంది. దీన్ని కూడా "చేతితో చేసినది" అనే అమ్ముతారు. అబద్ధం కాదు, చేత్తోనే పొడుస్తారు. కానీ దీని ఆయుష్షు జిగురుదే. కొన్నేళ్ళకు ఆ జిగురు ఎండి పొడిపొడిగా రాలడం మొదలవుతుంది. తివాచీ ఎత్తితే కింద తెల్లని పిండిలాంటిది కనబడితే అదే.

నాలుగవది పూర్తిగా యంత్రం మీద తయారైనది.

ఈ టఫ్టింగ్ వెనక ఒక ముచ్చట ఉంది. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని డాల్టన్ ప్రాంతంలో 1895లో క్యాథరిన్ ఎవాన్స్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి, నూలును గుడ్డలోకి గుచ్చి కుచ్చులుగా నిలబెట్టే పాత పద్ధతిలో ఒక పక్కదుప్పటి కుట్టింది. చూసినవాళ్ళు తమకూ కావాలన్నారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నేర్చుకున్నారు. అది కుటీర పరిశ్రమ అయింది. తరువాత యంత్రాలు వచ్చాయి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అదే పద్ధతిలో ఇంటి నేలంతా కప్పే తివాచీలు తయారుచేయసాగారు. నేడు డాల్టన్‌ను ప్రపంచ కార్పెట్ రాజధాని అంటారు. ఒక ఆడపిల్ల సూదితో మొదలైనది అంత దూరం పోయింది!

కొట్లో ఇవన్నీ గుర్తుపట్టడం ఎలా? తివాచీ మూల పట్టుకుని తిరగేయండి. ముందువైపు బొమ్మ వెనక కూడా స్పష్టంగా, ముడి ముడిగా కనిపిస్తే ముడి తివాచీ. వెనక గుడ్డ అతికించి ఉంటే టఫ్టింగ్. వెనక కూడా బొమ్మ ఉండి, మరీ గీత గీసినట్టు ఒక్క తేడా లేకుండా ఉంటే యంత్రం పని. చేతి పనిలో ఎక్కడో ఒకచోట చెయ్యి కనబడుతుంది.

ఏ పీచు, ఏ గుణం?

ఇక "దేనితో చేశారు" అన్న ప్రశ్న.

ఉన్ని: తివాచీలకు అనాదిగా వస్తున్న పీచు. తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. తొక్కినా మళ్ళీ లేస్తుంది. నిప్పు తగిలితే త్వరగా అంటుకోదు. బికనీరు ప్రాంతపు ఉన్నిని, న్యూజిలాండు ఉన్నిని కలిపి వాడటం మన దేశంలో మామూలు. శత్రువు పురుగు. ఏడాదికి రెండుసార్లు ఎండలో వేసి దులిపితే చాలు.

నూలు, జనపనార, కొబ్బరి పీచు: నూలు జంబుఖానా మన వేడికి, చెమటకు ఇచ్చినంత సుఖం మరేదీ ఇవ్వదు. జనపనార చూడముచ్చటగా ఉంటుంది కానీ తేమకు బూజు పడుతుంది. యానాంలో, ఒరిస్సా తీరంలో ఉన్న మన పాఠకులు ఇది గమనించాలి. కొబ్బరి పీచు గుమ్మం దగ్గర పట్టాలకు మేలు.

విస్కోస్: మా అమ్మాయి కొన్నది ఇదే. చెట్టు గుజ్జును రసాయనాలలో కరిగించి మళ్ళీ దారంగా తీస్తారు. గుజ్జు వెదురుదైతే బాంబూ సిల్క్, లేకపోతే ఆర్ట్ సిల్క్, ఇంకా ఎన్నో ముద్దుపేర్లు. పట్టుపురుగు ఆ ఛాయలకే వెళ్ళలేదు. తడిస్తే దీని బలం సగానికి పడిపోతుంది. ఆ సమయంలో రుద్దితే ఇక అంతే సంగతులు. వెదురు పేరు చెప్పి విస్కోస్ బట్టలు అమ్ముతున్నారని 2009లోనే అమెరికా ప్రభుత్వ సంస్థ కొన్ని కంపెనీల మీద చర్య తీసుకుంది.

నైలాను: 1935లో అమెరికాలో వాలెస్ కరోథర్స్ కనిపెట్టిన పీచు. మనుషులు ఎంత నడిచినా అణగదు కనుక హోటళ్ళు, ఆఫీసులు దీన్నే కోరుకుంటాయి. కూల్‌డ్రింకు రంగులు మాత్రం పట్టుకుంటే వదలదు.

పాలీప్రొపిలీన్: ఇప్పుడు బజారులో చవకగా దొరికే యంత్రపు తివాచీలలో ఎక్కువ భాగం ఇదే. నీటికి భయం లేదు, రంగు వెలవదు, వరండాకు బాగుంటుంది. అయితే నూనె జిడ్డును అతుక్కుంటుంది. 165 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కనుక బరువైన బల్లను బరబర ఈడ్చినా ఆ రాపిడికి మచ్చ పడవచ్చు.

పాలియెస్టర్: మెత్తగా ఉంటుంది, మరకలు సులువుగా పోతాయి, కానీ మనుషులు తిరిగే దారిలో త్వరగా అణగిపోతుంది. పారేసిన నీళ్ళ సీసాలను కరిగించి కూడా ఈ దారం తీస్తున్నారు. దీనికి దాయాదిలాంటి ట్రైఎక్స్‌టా అనే కొత్త పీచుకు 2009లో అమెరికాలో విడిగా పేరు పెట్టారు. అందులో ఒక భాగం మొక్కజొన్న చక్కెర నుంచి వస్తుంది.

ఇంట్లో చేసుకోదగిన పరీక్షలు రెండు. అంచు నుంచి ఒక్క పోగు లాగి, పిల్లలను దూరంగా పంపి, పళ్ళెంలో పెట్టి వెలిగించండి. జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద నలిపితే పొడి అయితే ఉన్ని లేదా అసలు పట్టు. కాగితంలా కాలి మెత్తని బూడిద మిగిలితే నూలు, జనపనార, విస్కోస్‌లలో ఒకటి. కరిగి గట్టి పూసలా మిగిలితే కృత్రిమ దారం. రెండవది: పోగును నీళ్ళలో ముంచి వదలండి. గాలి బుడగలు పోయాక కూడా తేలితే పాలీప్రొపిలీన్. అది నీటికన్నా తేలిక.

వేషం మారుతుంది

పోకడల సంగతి కూడా చెప్పాలి. 1970 ప్రాంతంలో అమెరికాలో వేళ్ళు మునిగేంత పొడుగు కుచ్చుల తివాచీలు గొప్ప. ఆ తరువాత చాలా ఏళ్ళు గోడ నుంచి గోడదాకా ఒకటే రంగు పరుపులా పరవడం మర్యాద. గత ఇరవై ఏళ్ళలో అక్కడి ఇళ్ళలో చెక్క నేలలు, చెక్కలా కనిపించే వినైల్ పలకలు పెరిగి, వాటి మీద చిన్న తివాచీ వేసుకోవడం వచ్చింది. అంటే మన గచ్చు మీద మన జంబుఖానా పద్ధతే! కొత్త తివాచీనే రసాయనాలతో వెలిసిపోయినట్టు, అరిగిపోయినట్టు చేసి ఎక్కువ ధరకు అమ్మడం మరో పోకడ. మా పాత జంబుఖానాకు ఆ వెలుగు వెలవడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది, అదీ ఉచితంగా.

వేషం మారితే నష్టం లేదు. సరుకు మారితేనే నష్టం. దీనికి సాక్ష్యం మన బందరే.

బందరు చెప్పిన పాఠం

జపాన్‌లోని క్యోటో నగరంలో గియాన్ ఉత్సవానికి రథాలు ఊరేగిస్తారు. ఆ రథాలను అలంకరించే పాత తివాచీలలో కొన్ని మన దక్కనులో నేసినవని పండితులు గుర్తించారు. డచ్చి వర్తకుల ఓడలలో అవి అంత దూరం వెళ్ళాయి. ఓరుగల్లు తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనలో మెప్పు పొందాయి. కానీ 1880లో భారతీయ కళా పరిశ్రమల మీద పుస్తకం రాసిన జార్జ్ బర్డ్‌వుడ్, ఒకప్పుడు మేలైనవిగా పేరుపొందిన మచిలీపట్నం తివాచీలు బజారులో నాసిరకమైపోయాయని వాపోయాడు. కారణం? ఇంగ్లండు వర్తకులు చవక సరుకు ఇచ్చి దానితోనే నేయమన్నారు. నేసేవాళ్ళ చేతులు అవే. చేతికిచ్చిన సరుకే మారింది. పేరు పోయింది, పేరుతో పాటు బేరమూ పోయింది.

ఇది చదివినప్పుడు నాకు తలవంపుగా అనిపించింది. ఎందుకో చెబుతాను.

తమిళనాడులో పుట్టి పెరిగిన నాకు 2004లో ఏలూరుకు బదిలీ అయింది. తెలుగుదేశంలో ఉద్యోగం చేయడం అదే మొదటిసారి. ఒక రోజు తివాచీలు నేయించే పెద్దాయన ఒకరు వచ్చారు. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళు ఏలూరులో ఈ విద్య నిలిపారని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ విద్యను పట్టుకుని ఉన్న కుటుంబం ఆయనది. ఇంట్లో నాలుగు మగ్గాలు. విదేశపు ఆర్డరు వచ్చింది, ఉన్ని ముందుగా కొనాలి, క్యాష్ క్రెడిట్ పరిమితి పెంచమన్నారు.

నేను కామర్సు చదివినవాణ్ణి. లెక్క వేశాను. సరుకు ఐదు నెలలకు గానీ డబ్బుగా మారదు. మార్జిను సన్నం. "ఉన్ని తగ్గించి కృత్రిమ దారం కలపండి సాయిబు గారూ, లేదా టఫ్టింగ్ పెట్టండి. టర్నోవరు మూడింతలవుతుంది" అని సలహా ఇచ్చాను.

ఆయన నవ్వారు. "లెక్క బాగానే ఉంది సార్. వెనక్కి తిప్పి చూసేవాడొకడు ఉంటాడు కదా. వాడికి ఏం చెప్పమంటారు?"

అడిగిన దానిలో సగమే మంజూరు చేశాను. ఫైలు ప్రకారం అది సరైన నిర్ణయమే. నేను ఏలూరు వదిలేనాటికి ఆయన నాలుగు మగ్గాలలో రెండింటి మీద గుడ్డ కప్పి ఉంది. కొన్నేళ్ళకు మిగిలిన రెండూ ఆగాయని, కొడుకులు వేరే పనులలోకి వెళ్ళారని తెలిసింది. అంతా నా సంతకం వల్లే జరిగిందని అనను. కానీ జరిగినదానిలో నా సంతకం కూడా ఉంది. మా అమ్మాయి తివాచీ మీద ఆ పసుపు మరక చూసినప్పుడు నాకు ముందుగా గుర్తుకొచ్చింది ఆయన మాటే. మా ఇంట్లో వెనక్కి తిప్పి చూసినవాడు ఒక్కడూ లేకపోయాడు, నాతో సహా.

నేటి పరిస్థితి

ఓరుగల్లు దుర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. భవాని జంబుఖానాకు, కర్ణాటకలో ధార్వాడ జిల్లా నవలగుంద ఆడవాళ్ళు నిలువు మగ్గాల మీద నేసే జంబుఖానాకు కూడా ఆ గుర్తింపు ఉంది. గుర్తింపు మంచిదే. కానీ అది కొనుగోలుదారును తెచ్చి ఇవ్వదు. భవాని గుంట మగ్గాల వాళ్ళను షోలాపూరు మరమగ్గాల చవక జంబుఖానాలు దెబ్బతీస్తున్నాయి. ఆ షోలాపూరులో మగ్గం నడిపేవాళ్ళలో తరాల కిందట వలస వెళ్ళిన మన తెలుగు పద్మశాలీలూ ఉన్నారు. కాబట్టి ఎవరినీ తిట్టడానికి లేదు. మరమగ్గపుదాన్ని మరమగ్గపుదని, చేమగ్గపుదాన్ని చేమగ్గపుదని చెప్పి అమ్మితే ఇద్దరికీ బతుకు ఉంటుంది. అడిగేవాళ్ళు లేకనే ఆ తేడా మాసిపోతోంది.

మన దేశపు చేతి తివాచీలలో చాలా భాగం ఎగుమతికే. అందులోనూ పెద్ద గిరాకీ అమెరికాది. 2025 ఆగస్టులో అక్కడ మన సరుకు మీద సుంకం యాభై శాతానికి పెరిగినప్పుడు భదోహి మగ్గాలు ఎంత కలవరపడ్డాయో పత్రికలలో చదివాము. ఒకే ఖాతాదారు మీద ఆధారపడిన వ్యాపారానికి అప్పిచ్చేటప్పుడు బ్యాంకువాళ్ళు ఆలోచిస్తారు. మనవాళ్ళ సరుకును మన ఇళ్ళలోనే నలుగురు కొంటే ఆ ఆలోచన కొంత తగ్గుతుంది.

కొట్లో అడగవలసినవి

చివరగా, కత్తిరించి దాచుకోవలసిన నాలుగు మాటలు.

1. పీచు పేరు బిల్లు మీద రాయించండి. "సిల్క్" అని రాస్తే ఏ సిల్కో రాయమనండి.

2. ముడిదా, చదును నేతా, టఫ్టింగా, యంత్రానిదా అని అడగండి. అడిగి ఊరుకోక తిరగేసి చూడండి.

3. నీళ్ళు, పసుపు, నూనె పడితే ఏం చేయాలో కొనకముందే అడగండి. ఏది ఒలికినా రుద్దవద్దు. పొడిగుడ్డ అదిమి పీల్చండి.

4. ధరను అది నిలిచే సంవత్సరాలతో భాగించండి. ఐదేళ్ళ సరుకు ఐదేళ్ళ ధరకే కొనండి, తప్పు లేదు. అద్దె ఇంటికి పాలీప్రొపిలీన్ చాలు. యాభై ఏళ్ళ ధర ఇచ్చి ఐదేళ్ళ సరుకు మాత్రం తెచ్చుకోవద్దు.

మా అమ్మాయి ఆ బాంబూ సిల్కును మరక కనబడకుండా సోఫా కిందికి జరిపింది. "నాన్నా, అమ్మమ్మ కొన్నలాంటి జంబుఖానా ఇప్పుడు దొరుకుతుందా?" అని మొన్న తన కూతురి తరఫున అడిగింది. ఆ పిల్లకు దాని మీద పొర్లడం ఇష్టమట. వచ్చే నెల భవాని వెళదామన్నాను. ఈసారి తిరగేసి చూసే కొంటాము.

ఆదాయపు పన్ను బాకీ వచ్చే సంచికలో తప్పక తీరుస్తాను. అంతవరకు సెలవు.